ఆమె పేరుకి నప్పిన కాలనీ

“ఆ కాలనీ నా పేరుకి నప్పలేదంట. నీ పేరుకి మాత్రం బ్రహ్మాండంగా నప్పిందంటున్నారు సిద్ధాంతిగారు,” అన్నాడు కిరీటి, గుమ్మంలో చెప్పులు వదులుతూ.

సుప్రజ గోంగూర కట్టలు ముందేసుకుని నేల మీద కూర్చుని ఉంది. ఆకు తుంచుతున్న చెయ్యి ఆగింది. పెళ్ళయిన పదమూడేళ్ళలో ఏదైనా ఒకటి ఆమెకి నప్పుతుందో లేదో ఎవరైనా చూడటం ఇదే మొదలు. అదీ ఆమెకి కాదు, ఆమె పేరుకి. కొనే చోటికీ మనిషి పేరుకీ పొత్తు కుదరాలట, దాన్ని అర్వణం అంటారట. కుదరకపోతే ఆ చోట కొన్నవాడు నిలదొక్కుకోడట. కిరీటికి కుదరలేదు కనక ఇల్లు సుప్రజ పేరు మీద కొనాలని సిద్ధాంతిగారూ బావగారూ ఆయనా కూర్చుని తేల్చేశారు.

“ఇంకేం, ఇంటికి నువ్వే యజమానురాలివి,” అని నవ్వాడు కిరీటి. “కాసిని మంచినీళ్ళియ్యి.”

యజమానురాలు లేచి మంచినీళ్ళిచ్చింది.

“మరి బస్టాండు వెనక ఇల్లు?” అంది, ఖాళీ గ్లాసు అందుకుంటూ.

“ఏ ఇల్లు?” అన్నాడాయన. నిజంగానే గుర్తులేదు పాపం.

ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు అన్నారు పెద్దలు. ఇల్లు కొనేటప్పుడు పెళ్ళాం ఏం చూస్తుందో మాత్రం ఎవరూ చెప్పలేదు. ఎనిమిది నెలల్లో తిరువూరులో పదకొండు ఇళ్ళు చూశారు. ప్రతి ఇంటి దగ్గరా కిరీటి, వాళ్ళన్న జగన్నాథరావు అడుగులు వేసుకుంటూ హద్దులు కొలిచేవారు, ఈశాన్యం పెరిగిందా తగ్గిందా అని వాదించుకునేవారు. “నువ్వెళ్ళి వంటిల్లు చూసుకో సుప్రజా,” అనేవారు. ఆమె వెళ్ళి చూసుకునేది. పదకొండు వంటిళ్ళూ ఆమెకి కంఠోపాఠం. కానీ ఆమె లోపల్లోపల కొలుచుకున్నది ఇంకోటి. ఆ గుమ్మం నుంచి బస్టాండుకి నడిస్తే ఎంతసేపు? పెనుగొలనులో ఒక చిన్న ప్రైవేటు స్కూల్లో తొమ్మిదేళ్ళుగా లెక్కలు చెబుతోంది సుప్రజ. బస్సు ఏడూ నలభైకి. ఇప్పుడున్న అద్దె ఇల్లు బస్టాండు పక్కనే కాబట్టి నాలుగింటికి లేచి, వంట చేసి, కూతురు స్నిగ్ధకి జడలేసి, ఏడున్నరకి కిరీటి చేతిలో తాళం పెట్టేస్తే సరిపోతోంది. బస్టాండు వెనక అమ్మకానికొచ్చిన రెండు గదుల ఇంటి నుంచి ఆరు నిమిషాలు. కూరగాయల సంచీతో నడిచినా ఆరే. రెండుసార్లు నడిచి చూసుకుంది, ఎవరికీ చెప్పకుండా.

ఈ కాలనీ ఊరికి ఆ చివర, ఒకప్పటి మామిడితోటలో ఉంది. బావగారిల్లు పక్క వీధే. అత్తగారు అక్కడే ఉంటారు. తోడికోడలు వినీలకి నడుంనొప్పి. “నువ్వు దగ్గరుంటే అమ్మకి పొద్దున్నే టిఫిను అందుతుంది, వదినకీ కాస్త ఆసరా,” అన్నాడు కిరీటి. తొమ్మిదిలోపు ఆటో దొరకదని ఆమె అంటే, “కొట్టుకెళ్ళేటప్పుడు నేను దింపుతాలే,” అన్నాడు. ఎరువుల కొట్టు తీసేది పదింటికి. ఆ మాటే చెబితే, “మరయితే మానెయ్యి. ఆ జీతానికి నిన్ను పొమ్మన్నదెవరు?” అన్నాడు. కోపంగా కాదు. కరెంటు పోతే కొవ్వొత్తి వెలిగించమన్నంత మామూలుగా అన్నాడు. అత్తగారు ఫోన్లో ఇంకొంచెం ముద్దుగా చెప్పారు. “సొంతిల్లు అమిరాక కూడా బస్సుల్లో వేలాడటం ఎందుకమ్మా, నలుగురూ మావాణ్ణి అంటారు.” తిరువూరులో మాట పెనుగొలనుకి బస్సుకంటే ముందే చేరుతుంది కాబోలు, హెడ్మాస్టరు పిలిచి, “మేడమ్, కొత్తింట్లోకి మారుతున్నారటగా, వచ్చే ఏడు పదో తరగతి వేరేవాళ్ళకి ఇద్దామనుకుంటున్నా,” అన్నాడు. మీరుంటారా అని ఆయనా అడగలేదు.

చెవిటివాడి ముందు శంఖం ఊదడం కూడా ఒక పనే. ఆమె నెల రోజులు ఊదింది. ఆ తర్వాత ఊపిరి చాలలేదు.

రిజిస్ట్రేషను రోజు పొద్దున స్కూలుకి ఒక పూట సెలవు పెట్టింది. ఆఫీసు ముందు రేకుల షెడ్డులో దస్తావేజులు రాసే ఆయన కంప్యూటరు ముందు కూర్చుని, “అమ్మగారు ఏం చేస్తుంటారు?” అన్నాడు. సుప్రజ నోరు తెరిచేలోగా, “గృహిణి అని కొట్టండి,” అన్నాడు కిరీటి. ఆమె వైపు తిరిగి, “ఎలాగూ మానేస్తున్నావుగా, మళ్ళీ మార్చడం ఎందుకు,” అని సర్దిచెప్పాడు. ఆ ఒక్కమాటతో తొమ్మిదేళ్ళు పోయాయి. ఎంతమంది పిల్లలకి భిన్నాలు నేర్పింది, సున్నా మార్కులవాణ్ణి కూర్చోబెట్టి ముప్పై అయిదు దాటించింది. ఆ కాగితంలో దానికి చోటు లేదు. “టీచర్నండీ,” అనబోయింది. మింగేసింది. మింగడంలో ఆమెకి మంచి అనుభవం.

లోపల వరండాలో బెంచీ మీద ఇల్లు అమ్ముతున్నావిడ పక్కన కూర్చోబెట్టారు. పేరు నాగేశ్వరమ్మ, డెబ్భై ఉంటాయి. ఆవిడ కొడుకు, కిరీటి, జగన్నాథరావు గుమ్మం దగ్గర మాట్లాడుకుంటున్నారు. ఇల్లు చూడటానికి వెళ్ళినప్పుడు వంటింటి పక్క గదిలో ఒక కుట్టుమిషను కనిపించింది సుప్రజకి. దాని మీద పరుపులు చుట్టి పెట్టారు. మాట కలపాలని అదే అడిగింది.

“ఆ మిషను మీదేనా పిన్నిగారూ?”

నాగేశ్వరమ్మ కళ్ళు కొంచెం వెలిగాయి. “నాదేనమ్మా. బజార్లో ఉన్నప్పుడు కుట్టేదాన్ని. పండగలప్పుడు తిండికి తీరికుండేది కాదు. ఈ కాలనీకొచ్చాక అంత దూరం జాకెట్టు కుట్టించుకోడానికి ఎవరొస్తారు? రెండేళ్ళు చూశాను. తర్వాత పరుపులు పెట్టుకున్నాం.”

“మరి అక్కడే ఎందుకు కొన్నారండీ?”

“మా ఆయనకి నచ్చింది. ఆయన పేరుకి నప్పలేదన్నారమ్మా అప్పట్లో. నా పేరు నప్పింది. అందుకే నా పేరున కొన్నారు.”

సుప్రజ ఆవిడ వైపు తిరిగి కూర్చుంది. “మీకెలా ఉండేదండీ అక్కడ?” అంది.

నాగేశ్వరమ్మ కొంగు అంచు వేలికి చుట్టుకుంది. “ఇరవై రెండేళ్ళలో నన్నా మాట అడిగింది నువ్వేనమ్మా. ఏం చెప్పాలో తెలియట్లా.”

ఇంతలో పిలిచారు. బల్ల వెనక అధికారి కాగితాలు తిరగేసి, అలవాటైన గొంతుతో నాగేశ్వరమ్మని అడిగాడు. “ఇష్టపూర్వకంగానే అమ్ముతున్నారా అమ్మా?”

“ఇష్టమే సార్,” అన్నాడు కొడుకు.

“ఆవిణ్ణి చెప్పనివ్వండి.”

ఆవిడ కొడుకు మొహం చూసింది. “ఆఁ, ఇష్టమే బాబూ,” అని సంతకం పెట్టింది. అక్షరం అక్షరం కూడబలుక్కుని పెట్టింది.

కాగితాలు సుప్రజ వైపు తిరిగాయి. తన పేరు కింద గృహిణి అన్న మాట కనబడుతోంది. ఎక్కడ పెట్టాలో కిరీటి వేలితో చూపించాడు, పెన్ను తనే మూత తీసి అందించాడు. ఇష్టమేనా అని కొనేవాళ్ళని అడగరన్నమాట. తననీ అడుగుతారు, ఇల్లు అమ్మేసే రోజున. అప్పటికి తన లెక్కల పుస్తకాల మీద ఏ పరుపులుంటాయో. జవాబు చెప్పడానికి పక్కన ఇంకెవరుంటారో.

“నాకు ఇష్టం లేదు సార్,” అంది సుప్రజ.

అధికారి తలెత్తాడు. “కొనేవాళ్ళని ఆ మాట అడగమమ్మా.”

“తెలుసండీ. అడగరు కనకే చెబుతున్నాను.”

 కిరీటి మెల్లగా నవ్వాడు. “ఎండకి తల తిరిగినట్టుంది సార్. పొద్దున్నుంచీ ఏం తినలేదు. పావుగంటాగి వస్తాం,” అని ఆమె మోచెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చి బెంచీ మీద కూర్చోబెట్టాడు. బావగారు ఫ్యాను వెయ్యమని ఎవరికో చెప్పారు. అందరూ ఎంతో మర్యాదగా ఉన్నారు. పదమూడేళ్ళకి ఒక్క మాట పైకి అంటే దానికి ఎండదెబ్బ అని పేరు పెట్టారు. ఇంక మిగిలిందేమీ లేదనిపించింది సుప్రజకి. “ఇక్కడే ఉండు, సోడా తెస్తా,” అని కిరీటి గేటు వైపు వెళ్ళాడు.

పక్కన నాగేశ్వరమ్మ వచ్చి కూర్చుంది. గోడ గడియారం పన్నెండున్నర చూపిస్తోంది. ఒంటిగంటకి పెనుగొలను బస్సుంది. మధ్యాహ్నం తొమ్మిదో తరగతికి లెక్కలున్నాయి. రాత్రికి ఇంట్లో ఏం జరుగుతుందో ఆమెకి తెలుసు. అత్తగారు ఏడుస్తారు, బావగారు నచ్చజెబుతారు, కిరీటి రెండు రోజులు మాట్లాడడు. మూడో రోజు మళ్ళీ ఇదే బెంచీ మీద కూర్చోబెడతారు. ఆ రోజు తను సంతకం పెట్టదన్న నమ్మకం తనకే లేదు.

సుప్రజ సంచీ తీసుకుని లేచింది.

నాగేశ్వరమ్మ మోకాళ్ళు పక్కకి జరిపి దారిచ్చింది. “నీ మొగుడొచ్చి అడిగితే ఏం చెప్పనమ్మా?”

“టీచరమ్మ బడికెళ్ళిందని చెప్పండి పిన్నిగారూ.”