అక్క రక్తంలోని మడత

అక్క పోయిన రెండేళ్లకు, ఆమెను పొట్టనబెట్టుకున్న క్రిమి చెల్లెలి కంప్యూటర్ తెర మీదికి వచ్చింది.

క్రిముల జన్యుక్రమాల్లో వెతకడమే చెల్లెలి పని. జన్యువుల వెంట పడేవాళ్లు బోలెడుమంది. ఆమె వెతికేది వాటి ముందుండే చిన్న ఆర్ఎన్ఏ ముక్కల్ని. తమ మీద తామే మడతపడి, వెనకనున్న జన్యువును నోరెత్తనివ్వవు. మడత మారిందంటే వదిలేస్తాయి. ఒక్కో క్రిమిలో వాటి రసాయన అక్షరాలు ఒక్కో తీరుగా ఉంటాయి. కానీ ఇటు అక్షరం మారితే, దానితో జతకట్టే అటు అక్షరమూ మారి మడతను కాపాడుతుంది. ఆమె ప్రోగ్రాం ఆ జంట మార్పుల్నే పసిగడుతుంది.

ఆ మధ్యాహ్నం ఆసుపత్రి పాత నమూనాల్లో ఒకటి దొరికింది. క్రిమిలోకి చేరిన మందును బయటికి తోసేసే జన్యువు ముందు, ఎవరి కంటా పడని మడత. సంబరంగా ల్యాబు డాక్టరమ్మ దగ్గరికి పరుగెత్తింది.

"ఇది ఎవరి నుంచి తీశారండీ?"

"పేర్లుండవమ్మా. పిత్తాశయం ఆపరేషనయ్యాక జ్వరంతో వచ్చిన మనిషి. పరీక్షలో మందు పనిచేస్తుందనే తేలింది. తీరా ఇచ్చాక..." డాక్టరమ్మ ఆమె మొహం చూసి ఆగిపోయింది. ఆ ఆపరేషన్ తర్వాత జ్వరంతో ఆ ఆసుపత్రిలో పోయింది ఒక్కరే, అక్క. "నువ్వు కూర్చో ముందు."

ఆ క్రిమిని మళ్లీ పెంచారు. కొంచెం మందు తగలగానే మడత విడిపోయింది, జన్యువు మేలుకుంది. ఆపైన ఎంత మందు పోసినా క్రిమి చావలేదు. మడత విడిపోకుండా అక్షరాలు మార్చి బిగించేస్తే మాత్రం మొదటి చుక్కకే చచ్చింది. గాజు పళ్లెంలో తెల్లటి చుక్కలుగా పెరిగినదాన్ని చూస్తూ "అక్కా" అనేసింది చెల్లెలు.

బావ బస్సు డ్రైవరు. అక్కకు జ్వరం వచ్చిన రోజు "డ్యూటీ దిగాక తీసుకెళ్తాలే" అన్నాడు. అప్పట్నుంచీ ఆ మాటే అతన్ని తినేస్తోంది. ఆదివారం చెల్లెలు వెళ్లి, అతని ఎదురుగా కూర్చుంది.

"బావా, ఆలస్యం వల్ల కాదు. మొదట ఇచ్చిన మందే క్రిమిని లేపింది. మీరు పొద్దున్నే తీసుకెళ్లినా అదే మందిచ్చేవాళ్లు."

బావ తల దించుకున్నాడు. ఏడుస్తాడనుకుంది. ఏడవలేదు.

"మీ అక్క రోజూ వస్తుందమ్మాయ్," అన్నాడు. "వంటింటి గుమ్మంలో నిలబడి, ఎందుకు లేటు చేశావని తిడుతుంది. నేను కిక్కురుమనకుండా వింటా."

చెల్లెలు వంటింటి వైపు చూడలేకపోయింది.

ఆ తర్వాత ఆసుపత్రిలో పరీక్ష మార్చారు. ముందు కొంచెం మందు తగిలించి, క్రిమి మేలుకుంటుందేమో చూస్తున్నారు. చలికాలంలో వచ్చిన ఒకావిడ రక్తంలో అదే మడత బయటపడింది. వెంటనే వేరే మందిచ్చారు. ఆవిడ నడుచుకుంటూ ఇంటికెళ్లింది.

ఆ కబురు చెప్పడానికి చెల్లెలు ఫోన్ చేసింది. బావ అంతా విని, మంచిదన్నాడు. ఫోన్ మాత్రం పెట్టెయ్యలేదు.

"నువ్వు చెప్పి వెళ్లిన్నాటి నుంచీ మీ అక్క రావట్లేదు," అన్నాడు. "నీ దగ్గరికేమైనా వస్తే, ఒక్కసారి వచ్చి తిట్టి పొమ్మను."