వాలిన రెప్ప

మా ఆయన మహేంద్ర నళినికి కన్ను కొట్టడం నేను కళ్ళారా చూశాను. టాటీబంధ్ కూడలిలో, సాయంత్రం, జనమంతా చూస్తుండగా, ఆయన పనిచేసే లారీ ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసు గుమ్మంలోనే. నళిని అదే ఆఫీసులో ఆయన ఎదురు కుర్చీలో కూర్చుంటుంది. పొడుగు జడ, నవ్వితే సొట్టలు. ఆమె పేరు వింటేనే నాకు అరికాలి మంట నెత్తికెక్కుతుంది.

ఆటో దిగి సరాసరి వెళ్ళి అడిగేశాను. "ఏటండీ ఈ కన్ను కొట్టడాలు? ఇంటికాడ పెళ్ళాం ఉన్నాదని గుర్తున్నాదా?"

ఆయన నోరు విప్పేలోపే నళిని అందుకుంది. "కన్ను కొట్టలేదక్కా. సార్‌కి ఒకటి రెండుగా కనిపిస్తంది, అందుకని ఓ కన్ను మూసుకుంటన్నారు. పొద్దున ఠీక్‌గానే ఉంటారు, సాయంత్రానికి ఎడమ రెప్ప వాలిపోతాది. దగ్గుకి మాత్రలేసుకున్న కాణ్ణించి ఇంకా ఎక్కువయింది. డాక్టర్ కాడికెళ్ళమంటే రేపు రేపంటారు."

ఇంత తెలుసా ఈవిడకి! నా ఒళ్ళు భగ్గుమంది.

మర్నాడు సాయంత్రం నేనే వెంటబెట్టుకెళ్తే, కంటి డాక్టరు ఆ రెప్ప మీద ఐసు సంచి కాసేపు పెట్టి తీశారు. రెప్ప లేచింది. రక్తపరీక్ష రాసిచ్చి, నిదానంగా చెప్పారు. కంటిని, రెప్పని కదిపే కండరాలు ఒంట్లో మిగతావాటిలాంటివి కావట. సన్నటి పోగులు, క్షణం తీరిక ఉండదు. నరం పంపే కబురు కండరానికి సరిగ్గా అందకపోతే ముందు అవే అలసిపోతాయట. ఇది మయస్తీనియా అనే జబ్బులా ఉందన్నారు. దగ్గుకి వేసుకున్నవాటిలాంటి యాంటీబయాటిక్ మాత్రలు కొన్ని దాన్ని ముదురుస్తాయట.

"ఎప్పట్నుంచి ఇలా ఉంది?" అని నన్నే అడిగారు. నాకేం తెలుసు? నళిని చెప్పిన మాటలే అప్పజెప్పాను. నాలుక మీద కారం పోసినట్టయింది.

తిరిగొచ్చేటప్పుడు ఆటోలో ఇక ఆపుకోలేకపోయాను. "మీ రెప్ప సంగతి ఆవిడకెలా తెలిసింది?"

"ఎదురుగా కూకుంటాది, తెలవదా?" అన్నాడాయన. గొంతులో కోపం లేదు. "నువ్వు నా ఫోన్ చూస్తావు, చొక్కా జేబు చూస్తావు. నా మొహం చూసి ఎన్నాళ్ళయిందో చెప్పు సుభద్రా."

అబద్ధమైతే పోట్లాడి గెలిచేదాన్ని. నిజం కాబట్టి ఏడుపొచ్చింది. ఆయన గడ్డం పట్టుకుని నా వైపు తిప్పుకుని, మళ్ళీ వాలుతున్న ఆ రెప్పని ఇల్లు చేరేదాకా చూస్తూ కూర్చున్నాను.

ఎంతసేపు చూసినా, ముందు చూసింది నళినే.