వంగుడు వంతెన కింద

నేను ఒక గెడ పడవను, పొడవాటి వెదురు గెడతో తోస్తేనే కదిలేదాన్ని. గోదావరి కాలవ మీద సిరిమెరక అనే రేవులో నన్ను కట్టారు. వేపచెక్క పచ్చివాసన పోకముందే నా పడవవాడు ధర్మరాజు నన్ను నీళ్ళలోకి తోశాడు. మొదట్లో ధాన్యం మోశాను. రోడ్లు పడ్డాక ధాన్యం లారీ ఎక్కింది, నాకు మనుషులు మిగిలారు. ధాన్యమే నయం, నోరు మూసుకుని కూర్చుంటుంది.

మనుషులు వచ్చేది మా వంగుడు వంతెన కోసం. తెల్లదొరల కాలం నాటి ఇటుక కమాను. ఎంత పొట్టిదంటే, దాని కిందనుంచి పోవాలంటే ఎంతటి అధికారి అయినా తల వంచాల్సిందే. వంచుతారు, నవ్వుకుంటారు, ఫోటోలు దిగుతారు.

ఒక ఏడు కాలవ నిండుగా పారుతున్న రోజుల్లో, ఆ కమాను ఇటుక ధర్మరాజు తలకు తగిలింది. నీళ్ళలో పడ్డాడు, మళ్ళీ లేవలేదు. నాలో ఉన్న కుటుంబం ఒడ్డు చేరగానే “తాగి, వంగకుండా నిలబడ్డాడు” అని చెప్పి కారెక్కి వెళ్ళిపోయింది. జరిగింది నేను చూశాను. పడవ మాట ఎవరు వింటారు?

చిన్నప్పటినుంచి ఆ వంతెన కింద తిరిగినవాడు తాగకపోతే ఎందుకు నిలబడతాడు? ఊరు నమ్మింది. అతని భార్య మంగాయమ్మ కూడా నమ్మింది. గెడ తాను పట్టుకుంది గానీ అతని మాట ఎత్తలేదు, పటం గోడకు పెట్టలేదు. కమాను నీడలోకి వెళ్ళినప్పుడల్లా నా వెనకభాగం ఒక మనిషి బరువుకు కుంగేది. అక్కడ ఎవరూ ఉండేవారు కాదు. మంగాయమ్మ పళ్ళు బిగించి గెడ వేసేది.

మొన్న శీతాకాలం ఒక మధ్యాహ్నం వైదేహి అనే అమ్మాయి భర్తతో వచ్చి నాలో కూర్చుంది. వంతెన దగ్గర పడుతుంటే ఆమె భర్తవైపు జరిగి అంది:

“చిన్నప్పుడు ఇక్కడికే వచ్చినట్టున్నానండీ. ఇటుకలు ముట్టుకుందామని లేచాను. ఒక చెయ్యి నా తలమీద పడి కిందికి అణిచేసింది. దానికి చిటికెనవేలు లేదు. ఇప్పటికీ కలలోకి వస్తుంది. మా అమ్మానాన్నల్ని అడిగితే అదంతా నా భ్రమ అంటారు.”

గెడ ఆగిపోయింది. ధర్మరాజు చిటికెనవేలు పెళ్ళికి ముందే పడవతాడు బిగిసి తెగిపోయింది.

“ఆ చెయ్యి నిన్ను కొట్టిందా తల్లీ?” అంది మంగాయమ్మ.

“లేదు. వంచింది, అంతే.”

ఆనాడు పిల్ల వంగింది. వంచినవాడికి వంగే వ్యవధి లేకపోయింది. ఇంతకాలానికి మంగాయమ్మకు అది తెలిసింది. నీకోసమే నా మనిషి పోయాడని ఇప్పుడు అంటుందేమోనని నేను బిక్కుబిక్కుమన్నాను.

“అది మా ఆయన చెయ్యమ్మా,” అంది చివరికి. “పిల్లలు లేచి నిలబడితే ఊరుకునేవోడు కాదు. నీకు దెబ్బ తగలకూడదని వంచేడు. ఇంక కలలోకొచ్చినా బయపడకు.”

వైదేహి ఊపిరి పీల్చుకుంది. “ఆయన్ని ఒకసారి చూడొచ్చా?”

“ఈ కాలవమీదే ఉంటాడు,” అని మంగాయమ్మ గెడ వేసింది.

వాళ్ళను రేవులో దింపి, ఒంటరిగా నన్ను మళ్ళీ కమాను కిందికి తెచ్చింది. గెడ నాలో పడుకోబెట్టి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు ఏడ్చింది. తర్వాత వెనక్కి తిరిగి, ఖాళీ చోటుతో మెల్లగా అంది:

“ఏవయ్యా, పద. ఇంటికెల్దాం. అన్నం తిందువుగాని.”

ఆమె గెడ ముట్టుకోలేదు. నేను ఏటికి ఎదురుగా, రేవువైపు కదిలాను.