మానేసిన సూదిమందు

అమ్మ చివరి రోజుల్లో సొంత బిడ్డల్నే పోల్చుకోలేకపోతే అందరూ "దేవుడి రాత" అన్నారు. నిజంగా ఆయన రాసిందేనా, మనుషుల నిర్లక్ష్యాన్ని ఆయన నెత్తిన రుద్దుతున్నామా అన్న సందేహం ఆ కూతుర్ని ఏళ్ళుగా తొలుస్తూనే ఉంది. ఇప్పుడు భర్త వంతు వచ్చింది.

కళ్ళజోళ్ళకి అద్దాలు బిగించడంలో ఆయనది అందెవేసిన చెయ్యి. కిడ్నీలు చెడి డయాలిసిస్ మొదలయ్యాక కూడా తమ్ముడితో కలిసి నడిపే కొట్లో పనిబల్ల వదల్లేదు. అలాంటివాడు ఒకరికి కుడి అద్దం ఎడమకి, ఎడమ అద్దం కుడికి బిగించి ఇచ్చాడు. ఆ పెద్దమనిషి మెట్ల మీద బోర్లా పడ్డాడు.

"అన్నయ్యకి మతి పోతోంది వదినా. వచ్చే నెల నుంచి బల్ల దగ్గర ఇంకొకణ్ణి కూర్చోబెడతా," అన్నాడు మరిది.

"ఆ బల్ల తీసేస్తే మీ అన్నయ్య మనిషిగా మిగలడయ్యా."

డయాలిసిస్ గదిలో ఆమె ఈ మతిమరుపు సంగతి అడిగితే, "వయసమ్మా," అన్నాడు డాక్టరు తలెత్తకుండానే.

"యాభై రెండేళ్ళకి ఏం వయసండీ? ఒకసారి మొహం చూడండి. సున్నం కొట్టిన గోడలా ఉంది!"

డాక్టరు రిపోర్టు తిప్పాడు. హిమోగ్లోబిన్ ఆరు. మిషను మీద ఉండగా ఇచ్చే, రక్తం పెంచే సూదిమందును ఎండాకాలంలో రక్తం ఎక్కించినప్పుడు ఆపారట. మళ్ళీ మొదలుపెట్టలేదు. డాక్టరు చెప్పలేదంది నర్సు. నర్సు గుర్తుచేయలేదన్నాడు డాక్టరు.

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. "అయితే మతిమరుపు మా ఆయనకా, మీకా?"

"మెల్లగా మాట్లాడవే. మిషను జడుసుకుంటుంది," అన్నాడు భర్త మంచం మీద నుంచి.

డాక్టరు తల దించుకున్నాడు. "ఇవాళే మొదలుపెడతాం. రక్తం తగ్గితే మెదడు మందగిస్తుందమ్మా. పోయిందంతా తిరిగొస్తుందని మాత్రం మాటివ్వలేను."

అప్పటినుంచి దేవుడికి దండం పెట్టడం ఎలా మానలేదో, "సూది వేశారా?" అని నిలదీయడమూ అలాగే మానలేదు. నెలలు గడిచేసరికి ఆయన మొహంలో రంగు తిరిగింది. పేర్లు ఇంకా తడబడుతున్నా చేతి పని కుదురుకుంది. మరిది పరీక్షగా నాలుగు జోళ్ళ అద్దాలు కలిపేసి ముందు పెడితే, ఆయన ఒక్కొక్కటే వెలుతురుకి పట్టి చూసి, తప్పులేకుండా బిగించాడు.

"ఇదుగో, ఇది నువ్వు పెట్టుకోరా. అన్నయ్య కనిపిస్తాడు," అన్నాడు.

మరిది నవ్వలేక నవ్వాడు. బల్ల జోలికి మళ్ళీ రాలేదు.

ఆ సాయంత్రం ఆయన ఉన్నట్టుండి, "ఎదురింటి పెద్దమ్మ గొడుగు మన బీరువా వెనక ఉండాలే. అమ్మాయి పుట్టిన ఏడాది వానలో తెచ్చాం," అన్నాడు.

ఆమె ఎప్పుడో మరిచిపోయింది. వెతికితే, ఉంది. దుమ్ము తుడిచి ఇద్దరూ తీసుకెళ్ళి ఇచ్చారు.

"ఇన్నేళ్ళూ తడుస్తూనే ఉన్నాను కదర్రా!" అంటూ పెద్దమ్మ గొడుగు అందుకుంది.