శాలువాల తర్వాత ఒక పాట

నరసరావుపేటలో ఒకప్పుడు రాక్ బ్యాండ్ ఉండేదని చెబితే మా కోడలు ఇరమ్ నమ్మలేదు. అందులో మీ మామగారు కూడా ఉండేవాడంటే నవ్వింది. ఆ పిల్ల తప్పేం లేదు. ఓవర్ బ్రిడ్జి పక్కన షాపులో కాలిపోయిన మోటార్లకు రాగి తీగ చుట్టుకునే మనిషి, కూరలో ఉప్పు లేకపోయినా నోరెత్తని మనిషి, ఒకప్పుడు స్టేజి మీద గిటారు పట్టుకుని ఊగిపోయేవాడంటే కట్టుకున్నదాన్ని నాకే నమ్మడం కష్టంగా ఉంటుంది.

బ్యాండ్ పేరు నల్లరేగడి. ముగ్గురే మనుషులు. గిటారు వాయిస్తూ పాడేది సుధీర్ బాబు. డ్రమ్ములు బాలశౌరి. అడుగున గుమ్ము గుమ్మని మోగే నాలుగు తీగల బేస్ గిటారు మా ఆయన అబ్దుల్ మజీద్. తొంభై ఎనిమిది నుంచి మూడేళ్ళపాటు పల్నాడులో వీళ్ళు ఎక్కని కాలేజీ స్టేజి లేదు. 'కాలవకి నీళ్ళొచ్చాయి లేవరా' అని వీళ్ళ పాట ఒకటి క్రోసూరు నుంచి మాచర్ల దాకా ట్రాక్టర్లన్నిటిలో మోగింది. సాగర్ కాలవకు నీళ్ళు వదిలిన రోజు ఇప్పటికీ ఎవరో ఒకరు దాన్ని వాట్సాప్ స్టేటస్ పెడతారు.

ఆ పాట బాణీ పుట్టింది మా షాపులో. నేనే సాక్షిని. పెళ్ళయిన కొత్త, అన్నం క్యారియర్ తీసుకెళ్ళాను. ఎవరిదో ఐదు హార్స్‌పవర్ మోటారు చుట్టడం అయిపోయి టెస్టింగ్‌కి పెట్టారు. అది గుయ్యిమంటుంటే మా ఆయన గిటారు తీసి, ఆ మోతకు శ్రుతి కలిపి, అన్నం చల్లారిపోయేదాకా వాయిస్తూ కూర్చున్నాడు. సాయంత్రం సుధీర్ బాబు వచ్చి విని, దానికి మాటలు రాశాడు. కొన్నాళ్ళకు క్యాసెట్ వచ్చింది. అట్ట మీద 'రచన, సంగీతం, గానం: సుధీర్ బాబు' అని అచ్చయింది. మూడూ ఆయనే. అట్ట కత్తిరించింది కూడా తానేనని వేసుకోలేదు, అక్కడికి సంతోషం.

మా ఆయన ఆ అట్టను రెండుసార్లు చదివి, గిటారుకు పాత దుప్పటి చుట్టి బీరువా మీద పెట్టేశాడు. పోట్లాడలేదు. ఇదేందిరా అని అడగనూ లేదు. ఇరవై నాలుగేళ్ళు సుధీర్ బాబుతో మాట్లాడలేదు, గిటారు దింపలేదు. బ్యాండ్ అంతటితో సరి. ఆయన చేయని పోట్లాటంతా నేను చేశాను. ఆ గొంతు మా ఇంట్లో వినపడకూడదని హుకుం జారీ చేశాను. సుధీర్ బాబు గారు మాత్రం గుంటూరులో స్థిరపడి, పెళ్ళిళ్ళలో, తిరనాళ్ళలో, కనపడిన ప్రతి ప్రారంభోత్సవంలో ఆ పాటే పాడుతూ కాలం గడిపారు.

మొన్న మార్చిలో ఆయన ఫోన్ చేశాడు. మా ఆయన స్పీకర్‌లో పెట్టాడు కాబట్టి నేనూ విన్నాను.

"భాయ్, మళ్ళీ కలుద్దాం. టూర్ వేద్దాం. మొదలు మన పేటలో, తర్వాత సత్తెనపల్లి, ఆఖర్న మాచర్ల. పేటలో స్టేజి మీద నేనే చెబుతా, బాణీ నీదని. అందరి ముందూ చెబుతా."

ఫోన్ పెట్టేశాక మా ఆయన చాలాసేపు టెస్టర్ కోసం వెతుక్కున్నాడు. అది ఆయన చేతిలోనే ఉంది.

"చెబుతాడంట రబియా," అన్నాడు.

"చెప్పకేం చేస్తాడు, చానా పెద్దమనిషి గందా," అన్నాను.

నా ఎత్తిపొడుపు ఆయన చెవికెక్కలేదు. కుర్చీ వేసుకుని గిటారు దింపి, దుప్పటి దులిపి, చేత్తో తుడిచాడు. ఇన్నేళ్ళూ ఈ మనిషి మర్చిపోయాడని నేననుకున్నాను. మర్చిపోలేదు, ఆ ఒక్క ముక్క కోసం ఎదురుచూస్తూ ఉన్నాడు. నాకు ఏడుపూ వచ్చింది, ఒళ్ళూ మండుకొచ్చింది.

టూర్ అన్నాక రిహార్సల్స్ ఉంటాయి కదా. రెండు జరిగాయి. మొదటిదానికి సుధీర్ బాబు ఫొటోగ్రాఫర్‌ని వెంటబెట్టుకుని వచ్చాడు. ముగ్గురూ గోడకు ఆనుకుని, కాలవ గట్టు మీద నడుస్తూ, ఎటో చూస్తూ ఫొటోలు దిగేసరికి పొద్దు గూకింది. రెండోది చొక్కాల గురించి. ముగ్గురూ నల్ల చొక్కాలు వేయాలని సుధీర్ బాబు పట్టు. బడిలో వ్యాయామం మాస్టారుగా చేసే బాలశౌరికి తన పొట్టకు సరిపడే నల్ల చొక్కా పేటలో దొరకదని దిగులు. పాట సంగతి ఏందని మా ఆయన అడిగితే బాలశౌరి కొట్టిపారేశాడు.

"ఆ పాట మనకి రాకపోవటం ఏంది మజీదూ. నిద్దట్లో లేపినా వాయిస్తాం."

ఎండలు ముదిరాయి, బోర్లు ఎండాయి, మోటార్లు వరసగా కాలిపోయి షాపు ముందు బారులు తీరాయి. మా ఆయనకు అన్నం తినడానికే తీరిక లేదు, ఇక గిటారు ముట్టేదెప్పుడు?

పేట కార్యక్రమం బాధ్యత దానయ్య గారు నెత్తిన వేసుకున్నాడు. కళాసేవా సంస్థ అధ్యక్షుడు, ఆ సంస్థలో సభ్యుడు కూడా ఆయనొక్కడే. ఎవరి మనసూ నొప్పించకూడదన్నది ఆయన జీవితాశయం. అందుకని పదకొండు మందిని ముఖ్య అతిథులుగా పిలిచి, పదకొండు మంది ఫొటోలూ ఫ్లెక్సీలో ఒకే సైజులో వేయించాడు. బ్యాండ్ వాళ్ళు ఏం చేసినా నొచ్చుకోరనుకున్నాడేమో, వాళ్ళ ముగ్గురి ఫొటోలు అడుగున, ప్రింటింగ్ ప్రెస్ ఫోన్ నంబర్ పక్కన ఉన్నాయి.

కార్యక్రమానికి దొరికిన కల్యాణమండపం హాలు మధ్యాహ్నం మూడు నుంచి ఐదున్నర దాకానే మనది. ఏడింటికి అక్కడే ఎవరిదో రిసెప్షన్. అందుకని స్టేజి మీద పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ కూర్చునే బంగారు రంగు సోఫా అప్పటికే వేసేశారు. వెనకాల బంతిపూలతో పెద్ద గుండెకాయ బొమ్మ. ఆ గుండెకాయ ముందు మా రాక్ బ్యాండ్ డ్రమ్ములు పేర్చుకుంది. జనం మాత్రం ఎనిమిది వందల మందికి తక్కువ రాలేదు. ముప్పాళ్ళ నుంచి, శావల్యాపురం నుంచి ఆటోలు కట్టుకుని వచ్చారు. జుట్టు నెరిసిన వాళ్ళు కాలేజీ కుర్రాళ్ళలా ఈలలు వేశారు.

మూడుంబావుకు దీపం వెలిగించడం మొదలైంది. ఏసీ గాలికి ఒత్తి ఆరిపోతూనే ఉంది. పదకొండు మంది అతిథులూ తలా ఒక అగ్గిపుల్ల గీసి, తలా ఒక ఫొటో దిగారు. తర్వాత తలా రెండు నిమిషాలు మాట్లాడమన్నారు. రెండు నిమిషాలంటే మన స్టేజీల మీద ఎంతో తెలుసు కదా. ఒకాయన తాను చిన్నప్పుడు వేణువు నేర్చుకోబోయి మానేసిన వైనం వివరంగా చెప్పాడు. ఇంకొకాయన రాక్ బ్యాండ్ అంటే బ్యాండు మేళం అనుకుని, వీళ్ళు తన అన్న పెళ్ళికి వాయించారని మెచ్చుకున్నాడు.

ఆ తర్వాత సన్మానం. పదకొండు మంది ముగ్గురికీ విడివిడిగా శాలువాలు కప్పారు. ఒకరు కప్పింది తీసి పక్కన పెట్టేలోపు ఇంకొకరు తయారు. బాలశౌరి మొహం చెమటకు తడిసి ముద్దయింది. ఇది చాలదన్నట్టు, వచ్చిన పెద్దల్ని ఉత్త చేతులతో పంపితే బాగుండదని దానయ్య గారు అవే శాలువాలు మడిచి, ముగ్గురి చేతా ఆ పదకొండు మందికీ తిరిగి కప్పించాడు. టైము నాలుగూ నలభై. గిటారు తీగ ఒక్కటి మోగలేదు.

అప్పుడు సుధీర్ బాబు మైకు తీసుకున్నాడు. ఏప్రిల్ నెలలో తోలు జాకెట్, జుట్టుకు కొత్తగా వేసిన నల్ల రంగు. మా ఆయన తల వంచుకుని చేతివేళ్ళ వంక చూసుకుంటున్నాడు. నేను ముందు వరసలో కుర్చీ అంచుకు జరిగాను.

"మజీద్ భాయ్ లేకపోతే ఈ బ్యాండ్ లేదు," అన్నాడు సుధీర్ బాబు. చప్పట్లు. "భాయ్ మనసు బంగారం." చప్పట్లు. "మోటార్లకు ప్రాణం పోసే చేతులవి." ఇంకా చప్పట్లు. భాయ్ ఇంటి బిర్యానీ గురించి చెప్పాడు. భాయ్ పాత స్కూటర్ గురించి చెప్పాడు. భాయ్ గురించి చెప్పాల్సిన ఆ ఒక్క ముక్క తప్ప అన్నీ చెప్పి, కళ్ళు తుడుచుకుని మైకు ఇచ్చేశాడు.

మా ఆయన తలెత్తలేదు.

అంతలో దానయ్య గారికి ఇంకో ఆలోచన వచ్చింది. కళాకారుల వెనక ఉన్న ఇల్లాళ్ళను కూడా గౌరవించుకోవాలట, దంపతుల్ని కలిపి సన్మానించాలట. ముందుగా మజీద్ దంపతులు. నన్ను పైకి పిలిచి, ఆ బంగారు సోఫాలో మా ఆయన పక్కన కూర్చోబెట్టి, మా ఇద్దరికీ కలిపి ఒకే శాలువా కప్పారు. పెళ్ళిలో కూడా మమ్మల్ని అట్లా కూర్చోబెట్టలేదు. మర్యాదకు మైకు నా చేతికిచ్చి రెండు మాటలు మాట్లాడమన్నారు. ఇల్లాళ్ళు అలాంటప్పుడు అందరికీ థాంక్స్ అని సిగ్గుపడి ఇచ్చేయాలి.

నేను లేచి నిలబడ్డాను.

"కాలవ పాట బాణీ కట్టింది మా ఆయన," అన్నాను. "సుధీర్ బాబు కాదు. మా షాపులో మోటారు టెస్టింగ్‌కి పెట్టినప్పుడు కట్టాడు. నా కళ్ళతో చూశా. ఇయ్యాల స్టేజి మీద చెబుతానని ఈయన మాటిచ్చాడు. చెప్పలా. అందుకని నేను చెబుతున్నా."

సుధీర్ బాబు మొహంలో నెత్తురు చుక్క లేదు. మా ఆయన నా చీర కొంగు పట్టుకుని లాగుతున్నాడు. ఇప్పుడు హాలు దద్దరిల్లుతుందనుకున్నాను.

అందరూ చప్పట్లు కొట్టారు. వేణువు మానేసిన ఆయనకు కొట్టినట్టే కొట్టారు. "చక్కటి మాటలు చెప్పారమ్మా, ఇప్పుడు జ్ఞాపిక బహూకరణ," అని దానయ్య గారు గాజు పెట్టెలో నెమలి బొమ్మ నా చేతిలో పెట్టాడు. ఇరవై నాలుగేళ్ళ మంట కక్కితే నాకొచ్చింది నెమలి.

నెమలి పట్టుకుని దిగి ఇరమ్ పక్కన కూర్చున్నాను. ఐదూ ఇరవైకి హాలు మేనేజర్ వచ్చి, ఒక్క పాట పాడుకుని దిగమన్నాడు. సుధీర్ బాబు ఏమీ మాట్లాడకుండా గిటారు తగిలించుకున్నాడు. బాలశౌరి నాలుగు దెబ్బలు లెక్క కొట్టాడు. మా ఆయన చెయ్యి కదిలింది.

ఇక్కడ మాత్రం వెటకారం చేయలేను. ఆ బేస్ మోత నేల మీదుగా వచ్చి నా అరికాళ్ళకు తగిలింది. ఎనిమిది వందల మందీ లేచి నిలబడి 'కాలవకి నీళ్ళొచ్చాయి లేవరా' అని అరుస్తుంటే, ఇరమ్ నా భుజం పట్టుకుని, "అమ్మీ, మన మామూయేనా?" అంది. చూశారా, ఈయనదే ఇది, అని పక్కవాళ్ళందరినీ తట్టి చెప్పాలనిపించింది.

పల్లవి అయిపోయింది. చరణం ఎత్తుకోవాల్సిన చోట బేస్ ఆగిపోయింది.

తీగ తెగిందేమోనని చూశాను. తెగలేదు. మా ఆయన వేళ్ళు తీగల మీదే ఉన్నాయి, ఎటు పోవాలో తెలియక నిలబడిపోయాయి. ఒక మెట్టు నొక్కాడు, అది కాదు. ఇంకొకటి నొక్కాడు, అదీ కాదు. బాలశౌరి దరువు ఆపకుండా వెనక్కీ ముందుకీ చూస్తున్నాడు. బాణీ కట్టింది ఈయనేనని నేను మైకులో చాటి అరగంట కాలేదు. ఇప్పుడు సుధీర్ బాబు చేతికి చిక్కాం, పగ తీర్చుకుంటాడనుకున్నాను.

సుధీర్ బాబు తన గిటారు వాయించడం ఆపేశాడు. మైకు వదిలి మా ఆయన దగ్గరికి నడిచి, చెవిలో నోరు పెట్టి పాడాడు. మాటల్లేకుండా, ఒట్టి బాణీ. మా ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. వేళ్ళు ఒక్కో మెట్టూ వెతుక్కుంటూ ఆ గొంతు వెనకాల నడిచాయి. రెండోసారికి దారి దొరికింది. మూడోసారికి సుధీర్ బాబు మైకు దగ్గరికి తిరిగి వచ్చి చరణం ఎత్తుకున్నాడు. జనం అదంతా పాటలో భాగమేననుకుని ఈలలు వేశారు.

ఆటోలో ఇంటికి చేరాం. గుమ్మంలో చెప్పులు విడుస్తూ మా ఆయన అన్నాడు.

"కోపంతో దాన్ని మూటగట్టి పైన పెట్టా రబియా. ఒక్కసారన్నా వాయించుకోలా. వాడు రోజూ పాడాడు."

"ఆయన మాట తప్పాడు గందా," అన్నాను.

"తప్పాడు," అన్నాడు. "నువ్వు చెప్పిందీ నిజమే. కానీ నాకు రాలా."

నేను గాజు పెట్టెలో నెమలిని తీసుకెళ్ళి బీరువా మీద, గిటారు ఉండే చోట పెట్టాను.

తెల్లారి టీ కాచి తీసుకెళ్ళేసరికి మా ఆయన మంచం మీద గిటారు పెట్టుకుని కూర్చున్నాడు. ఫోన్ దిండు మీద, స్పీకర్‌లో ఉంది. అందులో సుధీర్ బాబు చరణం పాడుతున్నాడు. ఏ గొంతు నా ఇంట్లో వినపడకూడదన్నానో అదే గొంతు. ఒక ముక్క పాడి ఆగుతున్నాడు, మా ఆయన తడుముకుంటూ వాయిస్తున్నాడు, మళ్ళీ పాడుతున్నాడు.

"ఇంకొక్కసారి పాడరా," అన్నాడు మా ఆయన. "సత్తెనపల్లి ప్రోగ్రాం లోపల నేర్చుకోవాల."

ఇద్దరిలో ఎవరూ నన్ను చూడలేదు. టీ గ్లాసు కిటికీలో పెట్టి, ఫోన్ వంక చూశాను. బ్యాటరీ ఆరు శాతం ఉంది. వంటింట్లోకి వెళ్ళి చార్జర్ తెచ్చి పెట్టాను.