పెద్దవాళ్ళకిచ్చే నీళ్ళు

ఏడాదిపాటు కాళ్ళరిగేలా తిరిగితే నాగభూషణానికి దక్కింది ఒక్క గంట. అదీ ఢిల్లీలో తాను పనిచేసే ఆఫీసులోనే, పై అధికారి ఖన్నా గదిలో. కోనసీమలో తన అక్క నాగమల్లేశ్వరి ఊళ్ళో గ్యాస్ బావి తవ్విన దగ్గర్నుంచీ మంచినీళ్ళ నుయ్యి కిరసనాయిలు కంపు కొడుతోంది. ఆ పాపం మాది కాదు, మీ నుయ్యే అంత అని కంపెనీవాళ్ళు చేతులు దులుపుకున్నారు. ఇప్పుడు రెండో బావి తవ్వుతారట. నీళ్ళు కళ్ళారా చూసి, అనుమానం కలిగితే పరీక్షకు పంపుతానని, అప్పటిదాకా అనుమతి ఆపుతానని ఖన్నా అన్నాడు. లేదంటే ఆ సాయంత్రమే సంతకం.

"నూతి నీళ్ళు ఒక క్యాను పట్టుకురా, పెద్దవాళ్ళకు చూపించాలి" అని అక్కకు ఉత్తరం రాశాడు. ఆవిడ రైల్లో ఆ క్యాను ఒళ్ళోంచి దించకుండా వచ్చింది. మూతకు గుడ్డ బిగించి కట్టి ఉంది. ఆఫీసులోనే విప్పుదాం, ఘాటు పోకుండా ఉంటుందని తన ఆర్.కె. పురం క్వార్టర్లో దాన్ని ఎవరినీ ముట్టుకోనివ్వలేదు నాగభూషణం.

ఖన్నా గదిలో విప్పారు. ఏ వాసనా లేదు. గ్లాసులో పోస్తే అడుగు స్పష్టంగా కనబడింది. ఖన్నా ఒక గుక్క తాగి చూశాడు.

"బహుత్ మీఠా పానీ హై, నాగభూషణ్ జీ!" అన్నాడు, ఎంత తియ్యటి నీళ్ళో అని మెచ్చుకుంటూ.

నాగభూషణం అక్క వైపు తిరిగాడు.

"ఏ నూతివే ఇవి?"

"మన నూతివేరా. పైన తేలే చమురంతా గుడ్డతో తీసేసి, బాగా మరగబెట్టి, ఇండుపగింజ అరగదీసి తేర్చాను. రెండు బిందెలు కాగబెడితే ఈ క్యాను మిగిలింది. పెద్దోళ్ళు నోట్లో పోసుకుంటారు కదా, ఆ కంపు నీళ్ళు ఎలా ఇత్తాంరా?"

తిట్టాలనిపించింది. ఎవర్ని తిడతాడు? ఉన్నవి ఉన్నట్టు తెమ్మని రాయంది తనే. ఆఫీసు ఫైల్లో కామా తప్పిపోతే నిద్రపట్టని మనిషి, ఇంటి ఉత్తరంలో ఆ ఒక్క ముక్క మరిచిపోయాడు. ఏడుపొచ్చింది.

జరిగింది హిందీలో చెప్పి, పదిరోజులు గడువిమ్మని బతిమాలాడు. ఖన్నా చెడ్డవాడేం కాదు, శ్రద్ధగానే విన్నాడు. విన్నాక తేలిగ్గా నవ్వాడు.

"అచ్ఛా, కాచుకుంటే బాగున్నాయి కదా? ఇక గొడవేముంది? రాసుకోండి."

రాయడం నాగభూషణం ఉద్యోగం. ఖన్నా ఇంగ్లీషులో చెబుతుంటే రాశాడు. స్థానికులు నీటిని కాచి, వడకట్టి వాడుకుంటున్నారు. రుచి సంతృప్తికరం. రెండో బావికి అభ్యంతరం లేదు.

"ఏం రాయిత్తున్నార్రా?" అంది నాగమల్లేశ్వరి, చీర కొంగు సర్దుకుంటూ.

"మన నీళ్ళ గురించే అక్కా. బాగున్నాయని."

ఆవిడ మొహం విప్పారింది. ఖన్నాకు రెండు చేతులూ ఎత్తి దణ్ణం పెట్టింది.

"అయితే ఇంక రెండోది తవ్వరు కదా తమ్ముడూ?"