సబ్బు తగిలిన చట్టి

గురవమ్మ బియ్యం కడిగిన నీళ్లను నల్ల మట్టిచట్టిలో పోసి సన్నసెగ మీద పెట్టింది. మంట ఒక్కసారిగా పెంచితే కొరియా చట్టి బీట వేస్తుంది. నీళ్లు కాగాక చెంచాతో తీసి నాలుక కొనకు తగిలించుకుంది. సబ్బు. దాన్ని వదిలించాలని పదకొండు నెలలుగా ప్రతి పొద్దునా ఇదే వరస.

మస్కట్‌లోని ఈ ఇంట్లో ఆమె తొమ్మిదేళ్లుగా వంట చేస్తోంది. కొరియా సార్ వాళ్లమ్మను ‘అవ్వా’ అని పిలిచేది. ముసలామె పలికేది కూడా. మట్టి సబ్బును పీల్చుకుంటుందని, వేడెక్కితే కూరలోకి వదులుతుందని అవ్వ మొదటిరోజు చేతులు ఊపుతూ చెప్పబోతే గురవమ్మకు నవ్వొచ్చింది. కడప జిల్లాలో పుట్టినదానికి మట్టిచట్టి సంగతి కొత్తా?

అంత తెలిసిన మనిషే తప్పు చేసింది. ఆ రోజు ఊళ్లో కూతురు రమణికి కాన్పయింది. ఫోన్లో మనవరాలిని చూస్తూ, నవ్వుతూ, ఏడుస్తూ, గిన్నెలన్నిటితోపాటు చట్టినీ సబ్బు పీచుతో తోమేసింది. మధ్యాహ్నం అవ్వ సోయాముద్ద పులుసు రెండు చెంచాలు తాగి చెంచా పక్కన పెట్టింది. గురవమ్మ ముఖంలోకి ఒకసారి చూసి, వెళ్లి పడుకుంది. మళ్లీ లేవలేదు. ఎనభై ఆరేళ్ల గుండె, ఆగిపోయిందన్నారు. మరి చెంచా ఎందుకు పెట్టేసింది? పోయే మనిషిని కడుపునిండా తిననివ్వలేదన్న బాధ గురవమ్మను తినేస్తోంది. వంటింట్లో వెనక అవ్వ కుర్చీ జరిగినట్టనిపించి ఎన్నిసార్లు తిరిగి చూసిందో.

ఈరోజు సార్ కొరియాకు వెళ్లిపోతున్నాడు. వంటింటి బల్లా కుర్చీలూ తప్ప సామానంతా నిన్ననే లారీ ఎక్కింది.

“గుర్వా, మదర్ సూప్. లాస్ట్ టైమ్.”

“పక్కింట్లో స్టీల్ గిన్నె తెస్తా సార్. అచ్ఛా గిన్నె.”

“నో, నో. మదర్ పాట్.”

చేయక తప్పలేదు. పొయ్యి ఆర్పి బల్ల మీద పెట్టినా చట్టిలో పులుసు కుతకుతమంటూనే ఉంది. మంట లేకపోయినా కాసేపు ఉడకడం దాని గుణం. మొదట్లో అది చూసి భయపడి దండం పెట్టుకుంది కూడా.

సార్ రెండు చెంచాలు తాగాడు. చెంచా పక్కన పెట్టాడు.

గురవమ్మ బల్ల దగ్గరికి వచ్చింది. “సార్, ఆ పొద్దు నేనే...” అని తెలుగులోనే మొదలుపెట్టింది.

అతను కళ్లద్దాలు తీసి ఆవిరి తుడుచుకున్నాడు. కళ్లు కూడా తుడుచుకున్నాడు. చెంచా మళ్లీ అందుకుని, చట్టి అడుగు కనపడేదాకా తాగాడు.

“మదర్ టేస్ట్. సేమ్ సేమ్.” చట్టిని ఆమె వైపు జరిపాడు. “యూ టేక్.”

మూడింటికి టాక్సీ వచ్చింది. ఎక్కేముందు సార్ నడుం వంచి ఆమెకు నమస్కరించాడు. ఆమె సిగ్గుతో కుంచించుకుపోయింది.

ఇక తాళాలు వాచ్‌మన్‌కిచ్చి రూవి పేటలో తనలాగే ఇళ్లలో పనిచేసే కుల్సుమ్ రూమ్‌కు పోవడమే. సంచి సర్దుకుంది. చట్టిని కడిగి, పొద్దుటి బియ్యం నీళ్లు మిగిలితే పోసి కాచింది. సార్‌కు తగలలేదంటే పోయిందేమో. చెంచా నాలుకకు ఆనించుకుంది.

సబ్బు.

“ఇంగా కోపం పోలేదా అవ్వా?” అంది, ఖాళీ కుర్చీని చూసి.

పొయ్యి ఆర్పింది. సంచిలో చట్టికని ఉంచిన చోటు అలాగే ఉండిపోయింది. తలుపు వేసి, తాళం తిప్పి, మెట్లు దిగింది.

లోపల, ఆర్పేసిన పొయ్యి మీద, చట్టి ఇంకా ఉడుకుతూనే ఉంది.